ఒక్క మనిషి, నాలుగు రిజిస్టర్లు: మందమర్రిలో వైద్యం లెక్కల కథ

మందమర్రిలో జరం వచ్చిన మనిషికి పోవడానికి దారులు తక్కువేమీ లేవు. బాయి పని ఉన్న ఇంటివాళ్లకు సింగరేణి డిస్పెన్సరీ, దాని తర్వాత రామకృష్ణాపూర్‌లోని కంపెనీ ఏరియా దవాఖాన. కంపెనీ కార్డు లేనివాళ్లకు సర్కారు ఆరోగ్య కేంద్రం, ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త. గల్లీకొక ఆర్‌ఎంపీ. గూడెంలో అయితే వీళ్లందరికన్నా ముందు దేవారి, చెట్టు మందు తెలిసిన పెద్దమనిషి, మంత్రసాని. వీళ్లెవరితోనూ కానప్పుడు మంచిర్యాల, అక్కడా కాకపోతే కరీంనగర్, వరంగల్ ఎంజీఎం, హైదరాబాద్.

ఇన్ని చోట్ల ఇన్ని లెక్కలు రాస్తారు. ఓపీ ఎంత, సూదులు ఎన్ని, కాన్పులు ఎన్ని, రక్తపూతలు ఎన్ని అని ఎవరి రిజిస్టర్ వాళ్లకు ఉంది. ఇక్కడి నుంచి అక్కడికి పంపిన మనిషి అక్కడికి చేరాడా, చేరితే అక్కడివాళ్లు ఇక్కడివాళ్లకు ఏమైనా చెప్పారా అన్న లెక్కకు మాత్రం చాలాకాలం ఏ పుస్తకంలోనూ గడి లేదు. మనం డాక్టర్లం కాదు. కానీ బడి రిజిస్టర్ రాసే టీచర్లకు, అది చదివిన పిల్లలకు తెలుసు, గడి లేని విషయం ఎవరి కంటికీ కనబడదని. ఈ వ్యాసంలో మనం చూస్తున్నది ఆ గడి చరిత్ర.

బొగ్గు రాకముందు ఈ అడవుల్లో రాతలెక్క లేదు గానీ పని పంచుకోవడం ఉండేది. గోండుల్లో ఊరి పూజ దేవారిది, సగ దేవుడి పని కటోడాది, పూనకంలో కారణం చెప్పేది భక్తాల్. కొన్నిచోట్ల గోండు ఊళ్లే ఆ నేల దేవతలను శాంతింపజేయడానికి కోలాం పూజారిని, అంటే దెలక్‌ను పిలిచేవి. 1940లలో ఆదిలాబాద్ గోండుల మధ్య ఉండి రాసిన హైమండార్ఫ్ ఈ సంగతి నమోదు చేశాడు. ఆ కొండ, ఆ వాగు గురించి కోలాములకే ఎక్కువ తెలుసని గోండులు ఒప్పుకున్నారన్నమాట. ఇది నా చేతిలోది కాదు, ఫలానా వారి చేతిలోది అని చెప్పగలగడమే ఇప్పటి మాటలో రిఫరల్. దీన్ని మనం మరీ గొప్ప చేసి చెప్పుకోనక్కరలేదు. మశూచి వచ్చినప్పుడు, కలరా వచ్చినప్పుడు, చలిజరం ఊరంతా పడుకోబెట్టినప్పుడు ఈ పంపకం ప్రాణాలు నిలపలేదు. ఊళ్లు వదిలి పోవడమే అప్పుడు తెలిసిన మందు. అయితే ఎవరి హద్దు ఎక్కడో ఒకరికొకరు ఎరిగి ఉండేవాళ్లన్నది నిజం, తర్వాత వచ్చిన దవాఖానలకు లేకపోయింది అదే.

1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో కంపెనీకి సింగరేణి పేరు వచ్చింది. ఆ దశాబ్దంలోనే తవ్వకం గోదావరి దాటి బెల్లంపల్లి చేరింది. తర్వాత మందమర్రి చుట్టూ కేకే, ఆర్కే పేర్లతో బాయిలు లేచాయి. బాయి పనికి వచ్చినవాళ్లలో బయటి జిల్లాలవాళ్లు ఎక్కువ, ఆ నేల మీద అంతకుముందు నుంచి ఉన్న నాయకపోడు, గోండు, కోలాం, మన్నె ఇళ్లవాళ్లు తక్కువ. బాయిల వెంట క్వార్టర్లు, క్వార్టర్ల వెంట డిస్పెన్సరీలు, ఆ తర్వాత పెద్ద దవాఖానలు వచ్చాయి. అప్పటి సర్కారు దవాఖానలతో పోలిస్తే కంపెనీ వైద్యం ఎంతో మేలు, అది కార్మికులు కొట్లాడి సంపాదించుకున్న హక్కు కూడా. మన మాట ఆ వైద్యం మంచిచెడ్డల గురించి కాదు, దాని హద్దు గురించి. కంపెనీ రిజిస్టర్‌లో మనిషి అంటే ఉద్యోగి, లేదా ఉద్యోగి మీద ఆధారపడిన ఇంటిమనిషి. ఒకే వాగు నీళ్లు తాగి ఒకే జరం తెచ్చుకున్న ఇద్దరిలో ఒకరు ఆ పుస్తకంలో ఉంటారు, ఇంకొకరు ఉండరు.

సర్కారు లెక్క వేరే దారిలో వచ్చింది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం. పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది, మలేరియా వర్కర్ ఇంటింటికీ వచ్చి జరం ఉందా అని అడిగి, వేలు పొడిచి రక్తపూత తీసుకుని, గోడ మీద అచ్చు వేసిన గళ్లలో తేదీ రాసి పోయేవాడు. మన గోడల మీద సర్కారు రాసిన తొలి అక్షరాలు చాలా ఊళ్లలో అవే అయి ఉంటాయి. పైఅధికారి వస్తే గోడ చూసి వర్కర్ వచ్చాడా లేదా చెప్పగలిగేవాడు. ఏడాదిలో నూటికి ఎందరి రక్తం పరీక్ష చేశారు, వెయ్యికి ఎందరికి మలేరియా తేలింది అని లెక్క కట్టేవాళ్లు. కొలవడం అంటే ఏమిటో మనకు నేర్పిన పని అది. గోడ చెప్పనిది ఒకటుంది. పూత తీసిన రోజుకూ ఫలితం తెలిసి మందు అందిన రోజుకూ మధ్య ఎన్ని రోజులు పోయాయన్నది ఆ గడిలో పట్టదు. తీసుకుపోయినవాడి పని కొలిచారు. తీసుకుపోయినవాడికీ, ల్యాబ్‌లో చూసినవాడికీ, మాత్ర ఇచ్చేవాడికీ మధ్య ఉన్న ముడి గోడకు ఎక్కలేదు.

అందరూ కలిసి పనిచేయాలన్న మాట కొత్తది కాదు. 1946లో భోర్ కమిటీ రోగం రాకుండా చూసే పనీ, వచ్చాక నయం చేసే పనీ ఒకే గొడుగు కింద ఉండాలని చెప్పింది. 1978 సెప్టెంబరులో అల్మా-ఆతాలో చాలా దేశాలు కూర్చుని ప్రాథమిక ఆరోగ్యం గురించి ప్రకటన చేసినప్పుడు డాక్టర్లు, నర్సులు, మంత్రసానులు, ఊరి ఆరోగ్య కార్యకర్తలు, అవసరమైన చోట సంప్రదాయ వైద్యులు కూడా ఒక జట్టుగా పనిచేయాలన్నది అందులో ఉంది. ఆ కాలంలోనే ఉట్నూరు ఐటీడీఏ వచ్చింది. గిరిజన ప్రాంతంలో మూడు వేల మందికి ఒక ఉపకేంద్రం, ఇరవై వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అన్న నియమం వచ్చింది. మైదానంలో ఆ లెక్కలు ఐదు వేలు, ముప్పై వేలు. జట్టు అన్న మాట అందరూ ఒప్పుకున్నారు. జట్టు ఆడుతోందా లేదా ఎలా తెలుసుకోవాలన్నది మాత్రం మిగిలిపోయింది.

ఆ పని మీద కూర్చున్నవాళ్లు బయటి దేశాల్లో ఉన్నారు. 1977లో అమెరికాలో బైస్, బాక్సర్‌మన్ అనే ఇద్దరు ఒక సూత్రం కట్టారు. అది ఎనిమిదో తరగతి పిల్లలు చేయగల లెక్కే, బడిలో చేయించి చూడొచ్చు. ఒక మనిషి ఒక్కో వైద్యుడి దగ్గరికి ఎన్నిసార్లు పోయాడో ఆ సంఖ్యకు వర్గం కట్టాలి. అన్ని వర్గాలు కలపాలి. అందులోంచి మొత్తం ఎన్నిసార్లు పోయాడో అది తీసేయాలి. వచ్చినదాన్ని, మొత్తం సార్లను దానికన్నా ఒకటి తక్కువైన సంఖ్యతో గుణించి, ఆ లబ్ధంతో భాగించాలి. లెక్క కోసం ఇద్దరిని అనుకుందాం. కంపెనీ కార్డున్న ఒకాయన నాలుగుసార్లూ ఒకే డాక్టర్‌కు చూపించుకున్నాడు. నాలుగు నాలుగులు పదహారు, నాలుగు తీస్తే పన్నెండు, పన్నెండును నాలుగు మూళ్ల పన్నెండుతో భాగిస్తే 1. గూడెం నుంచి వచ్చిన ఒకామె ఆర్‌ఎంపీ, పీహెచ్‌సీ, మంచిర్యాల, వరంగల్ అని నాలుగుచోట్లకు ఒక్కోసారి పోయింది. నాలుగు ఒకట్లు నాలుగు, నాలుగు తీస్తే సున్నా. ఆమె అంకె 0. రెండుచోట్లకు రెండేసిసార్లు పోయినవాడికి 0.33 వస్తుంది.

ఈ అంకె ఉపయోగం లేనిది కాదు. వైద్యం ఎంత చీలికలైపోయిందో ఒక్క చూపులో చెబుతుంది. కానీ మన ప్రాంతానికి అది సగమే పనికొస్తుందని మా అభిప్రాయం. గూడెం ఆమెను పీహెచ్‌సీవాళ్లు సరైన సమయానికి సరైన చిట్టీతో మంచిర్యాలకు పంపి, అక్కడివాళ్లు ఫోన్ చేసి వరంగల్‌కు పంపి, తిరిగొచ్చాక ఏఎన్‌ఎం ఇంటికి పోయి చూసినా ఆమె అంకె సున్నానే. ఎవరికి వారు వదిలేసినా సున్నానే. ఒకే డాక్టర్ దగ్గర ఉండటాన్ని అది కొలుస్తుంది, డాక్టర్ల మధ్య మాటను కొలవదు. ఒక్క చోటే అన్నీ దొరికేవాళ్లకు అది సరిపోతుంది, నాలుగు చోట్లు తిరగక తప్పనివాళ్లకు అన్యాయం చేస్తుంది.

మాటను కొలవడానికి చూసిన మనిషి జోడీ హోఫర్ గిటెల్. ఆమె మొదట చూసింది విమానాశ్రయాల్లో. విమానం సమయానికి లేవాలంటే పైలట్, సామాను ఎక్కించేవాడు, టికెట్ చూసేవాడు, శుభ్రం చేసేవాడు ఒకరి పని ఒకరికి తెలిసి ఉండాలి. తర్వాత అదే ప్రశ్నలను ఆస్పత్రులకు తెచ్చింది. తొమ్మిది ఆస్పత్రుల్లో కీళ్ల మార్పిడి చేయించుకున్నవాళ్లను చూసి 2000లో ఫలితం ప్రకటించారు. సిబ్బంది మధ్య ముడి గట్టిగా ఉన్నచోట రోగులు తొందరగా ఇంటికి పోయారు, నొప్పీ తక్కువైంది. ఆమె అడిగేవి ఏడు సంగతులు. తరచుగా మాట్లాడుకుంటారా, వేళకు మాట్లాడుకుంటారా, సరిగ్గా చెబుతారా, తప్పు జరిగితే నింద వేస్తారా లేక బాగుచేసే దారి చూస్తారా అన్నవి మాటకు సంబంధించినవి. లక్ష్యం ఒకటేనా, ఎదుటివాడి పని తెలుసా, ఎదుటివాడంటే గౌరవం ఉందా అన్నవి బంధానికి సంబంధించినవి. ఆఖరిది చూడండి. గౌరవాన్ని ఒక కొలతగా పెట్టింది. మంత్రసాని చెప్పిన మాట డ్యూటీ నర్సు వింటుందా, ఆశా కార్యకర్త తెచ్చిన చిట్టీని పెద్ద దవాఖానలో ఎవరైనా చదువుతారా అన్నది గౌరవం ప్రశ్నే. గోండి, కొలామి మాట తప్ప తెలుగు సరిగ్గా రాని ముసలమ్మ చెప్పినది ఓపీ చిట్టీ మీదికి ఎంత ఎక్కుతుందన్నదీ అదే.

మన దగ్గర ఈ ముడి లెక్క అన్నిటికన్నా బాగా కనబడేది క్షయలో. ఆరు నెలల మందు, మనిషి ఊరు మారతాడు, పని మారతాడు, దవాఖాన మారతాడు. 1995లో హైదరాబాద్‌లోని మహావీర్ ఆస్పత్రి, సర్కారు క్షయ కార్యక్రమంతో కలిసి ఒక ప్రయత్నం మొదలుపెట్టింది. చుట్టుపక్కల ప్రైవేటు డాక్టర్లు అనుమానం ఉన్నవాళ్లను పంపాలి. తెమడ పరీక్ష, మందు ఉచితం. రోగి ఇంటికి దగ్గర్లోని ప్రైవేటు దవాఖానలోనే కళ్లముందు మాత్ర మింగాలి. ఎన్నాళ్లుగానో ప్రైవేటువాళ్లు సర్కారును నమ్మరు, సర్కారువాళ్లు ప్రైవేటును లెక్కచేయరు అన్నచోట ఇది నడిచింది. ఎందరిని పంపారు, పంపినవాళ్లలో ఎందరికి క్షయ తేలింది, తేలినవాళ్లలో ఎందరు పూర్తిగా నయమయ్యారు అని ఒకే మనిషి వెంట మూడు మెట్లు లెక్కపెట్టారు. ఇద్దరి పనిని కాకుండా ఇద్దరి మధ్య పనిని లెక్కకట్టిన తెలుగునేల ఉదాహరణగా దీన్ని చెప్పుకోవచ్చు. ప్రపంచమంతా తర్వాత దీన్ని ఉదహరించింది.

అదే క్షయ రిజిస్టర్‌లో ఇంకో గడి ఉండేది. చికిత్స ముగింపులో నయమయ్యాడు, మందు పూర్తయింది, చనిపోయాడు, మందు పనిచేయలేదు, డిఫాల్టర్, వాటి పక్కన ట్రాన్స్‌ఫర్డ్ అవుట్. మనిషిని ఇంకో చోటికి పంపించాం, ఇక్కడికి మా లెక్క ముగిసింది అని దాని అర్థం. బతికాడో లేదో తెలియకుండా ముగిసిన లెక్క అది. పండక్కి ఊరికి పోయి రానివాడు, కూలికి మహారాష్ట్ర దాటినవాడు, పంపిన చోటికి చేరక మధ్యలో ఆగినవాడు డిఫాల్టర్ గడిలోనో ఈ గడిలోనో పడేవాళ్లు. డిఫాల్టర్ అంటే బాకీ ఎగ్గొట్టినవాడికి వాడే మాట. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పేర్లు మార్చింది. డిఫాల్టర్ పోయి, వెంట చూసుకోవడం తప్పిపోయినవాడు అన్న అర్థం వచ్చే మాట వచ్చింది. ట్రాన్స్‌ఫర్ అయి ఫలితం తెలియనివాళ్లను ఫలితం లెక్కించనివాళ్ల గడిలో పెట్టారు. చిన్న మార్పులా కనబడుతుంది. కానీ తప్పు రోగి మీది నుంచి వ్యవస్థ మీదికి జరిగింది. మన దేశంలో 2012లో క్షయ రోగి వివరం తెలపడం ప్రైవేటు డాక్టర్లకు కూడా తప్పనిసరి చేశారు. అదే ఏడాది నిక్షయ్ వచ్చింది. ఒక రోగికి ఒక సంఖ్య ఉంటే అతను ఎక్కడికి పోయినా ఆ సంఖ్య వెంటపోతుంది.

బొగ్గు నేల మీద క్షయ గురించి మాట్లాడి దుమ్ము గురించి మాట్లాడకపోతే కుదరదు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరినవాడికి క్షయ తొందరగా అంటుకుంటుంది, రెండూ ఒకేలా దగ్గిస్తాయి. 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1952 గనుల చట్టంలో 25వ సెక్షన్ ఒకటుండేది, అది మనవాళ్లు చాలామంది విని ఉండరు. గనిలో పనిచేస్తున్నవాడికి గానీ, ఇదివరకు పనిచేసినవాడికి గానీ వైద్యం చేసే డాక్టరెవరైనా, అతనికి ప్రకటించిన వృత్తి జబ్బు ఉందని అనుమానిస్తే, పేరు, చిరునామా, జబ్బు, ఏ గని అన్నది రాసి ఆలస్యం లేకుండా గనుల చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కు పంపాలని అందులో ఉండేది. కంపెనీ డాక్టర్ అనలేదు, వైద్యం చేసే డాక్టరెవరైనా అన్నది. అంటే డెబ్బై ఏళ్ల కింద చట్టమే రెండు దవాఖానల మధ్య ఒక ఉత్తరం దారి వేసింది. పనిలో ఉన్నన్నాళ్లు గని నిబంధనల ప్రకారం కొన్నేళ్లకోసారి పరీక్ష ఉంటుంది. పని ఆగి గూడేనికి తిరిగొచ్చినవాడు దగ్గుతో పీహెచ్‌సీకి పోతే, నువ్వు ఎప్పుడన్నా బాయిలో దిగినవా అన్న ఒక్క ప్రశ్న ఆ ఉత్తరానికి మొదలు. ఆ ప్రశ్న చిట్టీ మీద అచ్చయి ఉంటే డాక్టర్ మారినా ప్రశ్న మారదు. కలిసి పనిచేయడాన్ని మందమర్రిలో కొలవాలంటే మేమైతే మొదట అడిగే లెక్క ఇదే. ఏడాదిలో కంపెనీ బయటి డాక్టర్ల నుంచి ఆ సెక్షన్ కింద ఎన్ని ఉత్తరాలు పోయాయి?

తర్వాతి కాలం అందరికీ తెలిసిందే. 2005లో 108 వచ్చింది, 2007లో ఆరోగ్యశ్రీ. ఒకటి బండి ఎంతసేపట్లో చేరిందో లెక్కపెడుతుంది, ఇంకొకటి ఎన్ని ఆపరేషన్లకు ఎంత చెల్లించిందో. రెండూ ప్రాణాలు నిలిపాయి, రెండింటి లెక్కా ఆస్పత్రి గేటు దగ్గర ఆగుతుంది. 2016 అక్టోబరు 11న మంచిర్యాల జిల్లా అయ్యేవరకు మనకు జిల్లా వైద్యాధికారి ఉండేది నూరు కిలోమీటర్లకు పైన ఆదిలాబాద్‌లో. జిల్లా నాలుగైనా ఐటీడీఏ ఉట్నూరులో ఒక్కటే మిగిలింది. 2022లో మంచిర్యాలలో, రామగుండంలో సర్కారు వైద్య కళాశాలలు మొదలయ్యాయి. రామగుండం కళాశాలకు సింగరేణి డబ్బు ఇచ్చింది. కంపెనీ, సర్కారు ఒక గోడ కింద చేరిన ఉదాహరణ అది. డబ్బు కలిసింది, రిజిస్టర్లు కలుస్తాయా అన్నది చూడాలి.

2023 జులైలో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. నలభై ఏళ్లలోపు ఏడు కోట్ల మందికి పరీక్ష అన్నది లక్ష్యం. గోండు, కోలాం ఇళ్లలో ఈ జబ్బు ఉన్న సంగతి కొత్తది కాదు. పరీక్షలైతే జరుగుతున్నాయి, హాస్టళ్లలో మన పిల్లల వేళ్లే ముందు పొడుస్తున్నారు. పరీక్ష లెక్క గోడమీది మలేరియా తేదీ లాంటిదే. తేలిన పిల్లవాడికి నొప్పి వచ్చిన రాత్రి ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకుపోతే ఆయనకు ఆ కార్డు చదవడం వస్తుందా, హాస్టల్ వార్డెన్‌కు తెలుసా, నెలనెలా మాత్ర ఏ కేంద్రంలో దొరుకుతుంది, పెద్ద దవాఖాన నుంచి వచ్చాక ఏఎన్‌ఎంకు సమాచారం చేరిందా అన్నవి వేరే లెక్క. టీచర్ల చేతికి అందే లెక్క కూడా ఇదే, ఎందుకంటే పిల్లవాడు ఎన్నిరోజులు బడికి రాలేదో హాజరుపట్టీలో ఇప్పటికే ఉంది.

లెక్క పైనుంచి మాత్రమే కట్టాలని ఎక్కడా లేదు. ప్రాణహితకు అవతల మహారాష్ట్రలో, మన గోండుల నేలే అయిన గడ్చిరోలిలో, బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే పసిపిల్లల సంరక్షణ నేర్పి, పుట్టిన ప్రతి బిడ్డనూ ఊరిలోనే లెక్కపెట్టించారు. నవజాత శిశు మరణాలు అరవై శాతానికి పైగా తగ్గినట్టు 1999లో ప్రకటించారు. అదే రాష్ట్రంలో 2007 నుంచి నందుర్బార్, అమరావతి వంటి ఆదివాసీ ప్రాంతాల్లో గ్రామస్థులే ఆరోగ్య సేవలకు రంగులు వేశారు. బాగుంటే ఆకుపచ్చ, సగం సగం ఉంటే పసుపు, బాగాలేకపోతే ఎరుపు. చదువురాని వాళ్లు కూడా ఆ పట్టికను చూసి అధికారిని అడగగలిగారు. ఆ గళ్లలో ఒకటి పంపిన చోట పట్టించుకున్నారా అన్నదానికి పెట్టుకుంటే మనకు కావలసింది అదే.

అడిగే హక్కు కూడా కాగితం మీద ఉంది. 1996 పీసా చట్టం నాలుగో సెక్షన్, సామాజిక రంగాల్లోని సంస్థల మీద, సిబ్బంది మీద అదుపు గ్రామసభకూ తగిన స్థాయి పంచాయతీకీ ఇవ్వాలని చెప్పింది. దవాఖాన సామాజిక రంగమే. షెడ్యూల్డ్ గ్రామాల్లో గ్రామసభ పెట్టి, ఈ ఏడాది మన ఊరినుంచి బయటికి పంపినవాళ్లు ఎందరు, చేరినవాళ్లు ఎందరు, తిరుగు చిట్టీ తెచ్చినవాళ్లు ఎందరు, ఆ చిట్టీ చదివి ఇంటికి వచ్చిన సిబ్బంది ఎందరు అని నాలుగు అంకెలు చదవమంటే చదవాలి. కంపెనీ దవాఖానకు పోయినవాళ్లనూ అదే పట్టికలో రాయాలి, దేవారి పంపినవాళ్లనూ రాయాలి. మొదటి ఏడాది అంకెలు బాగుండవు. బాగుండకపోవడం తెలియడానికే అవి.

మందమర్రి పట్టణం లోపల చిక్కు వేరు. అది షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్న మున్సిపాలిటీ. రాజ్యాంగంలోని మున్సిపాలిటీల భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకు దానంతట అది వర్తించదు, పార్లమెంటు చట్టం చేసి వర్తింపజేయాలి, ఆ చట్టం రాలేదు. దశాబ్దాలుగా అక్కడ మున్సిపల్ ఎన్నికలు లేవు, కౌన్సిలర్లు లేరు. పీసా గ్రామాలకే గానీ పట్టణానికి కాదు. క్వార్టర్ల వెనక బస్తీలో ఉండే నాయకపోడు ఇల్లు ఈ నాలుగు అంకెలు అడగాలంటే గ్రామసభ లేదు, వార్డుసభ లేదు, ప్రత్యేకాధికారి ఒక్కరే ఉన్నారు.